అందరికీ ఒకే గొంతు

గాష్పార్ శ్విద్నిక్‌లో పనిలో చేరిన మొదటి వారంలోనే, ఏ జబ్బూ లేని టీవీని గంటంపావు సేపు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ముచ్చట ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళు నడిచింది. కొత్తవాళ్ళకి అతన్ని పరిచయం చేయాల్సి వస్తే పేరు కంటే ముందు ఇదే చెప్పేవాళ్ళు.

అతనిది హంగరీ. సెగెద్ పట్నం దగ్గర ఎర్ర మిరపకాయలు పండించే పల్లె. టీవీ మెకానిక్ పని నేర్చుకున్నాడు. 1977 వేసవిలో బలతోన్ సరస్సు ఒడ్డున గుడారం వేసుకుని దిగిన పోలిష్ అమ్మాయిల ట్రాన్సిస్టర్ మూగబోతే బాగుచేసి ఇచ్చాడు. వాళ్ళలో మిర్కా అనే అమ్మాయి మర్నాడు మళ్ళీ అదే ట్రాన్సిస్టర్ పట్టుకొచ్చింది. ఈసారి దానికేమీ కాలేదు. ఆ పైయేడు అతను ఒక పెట్టె, ఒక సాల్డరింగ్ కడ్డీ పట్టుకుని మిర్కా ఊరికి రైలెక్కాడు.

శ్విద్నిక్ హెలికాప్టర్ల ఫ్యాక్టరీ చుట్టూ లేచిన ఊరు. మిర్కా ఆ ఫ్యాక్టరీలోనే డ్రాయింగులు గీసేది. గాష్పార్‌కి ప్రభుత్వ రిపేరు దుకాణంలో పని దొరికింది. అక్కడి మేస్త్రీ రైముండ్ మాటలు పొదుపుగా వాడే మనిషి. ఒక శనివారం చీటీ మీద అడ్రసు రాసిచ్చి, "బొమ్మ పైకి పరిగెడుతోందట. ఆపి రా" అన్నాడు.

ఇల్లు సబీనా అనే రిటైరైన పోస్టాఫీసు ఉద్యోగినిది. గుమ్మంలోనే చెప్పులు విడిపించి ఇంటి చెప్పులిచ్చింది. బొమ్మని నిలబెట్టడానికి అతనికి పది నిమిషాలు పట్టింది. వెనకపలక బిగించి, శబ్దం పెంచాడు. మధ్యాహ్నం సినిమా వస్తోంది. తెల్లగౌను వేసుకున్న అమెరికా అమ్మాయి మెట్ల మీద కూలబడి ఇంగ్లీషులో గుండెలవిసేలా ఏడుస్తోంది. ఆ ఏడుపు మీద ఎవరో మగమనిషి, రైళ్ళ టైములు చదివినట్టు, తొణక్కుండా బెణక్కుండా పోలిష్‌లో ఏదో చెప్పుకుపోతున్నాడు.

గాష్పార్ వెంటనే టీవీ ఆపి, బిగించిన మరలన్నీ మళ్ళీ ఊడదీశాడు.

"బొమ్మ నిలబడింది కదయ్యా! మళ్ళీ ఎందుకు విప్పుతున్నావ్?" అంది సబీనా.

అతనికి అప్పటికి వచ్చిన పోలిష్ గుప్పెడు. "రెండు స్టేషన్లు, అమ్మగారూ. కలిసిపోయాయి."

"ఇన్నాళ్ళూ కలవనివి ఇవాళ నువ్వు రాగానే కలిశాయా?"

అతను మళ్ళీ టీవీలోకి వంగాడు. ఒక్కొక్క అతుకూ ముట్టుకుని చూశాడు. డాబా ఎక్కి యాంటెన్నా తిప్పొచ్చాడు. పెట్టినప్పుడల్లా అదే వరస. అమ్మాయి ఏడుపు, దాని మీద ఆ మగవాడు. చెమటలు పట్టాయి. సినిమా సగం గడిచింది. సబీనా ఓపిక పూర్తిగా అయిపోయింది.

"అసలు నీకు వినపడుతున్న తప్పేంటో చెప్పు."

"ఆడపిల్ల ఏడుస్తోంది," అన్నాడు గాష్పార్ మాటలు వెతుక్కుంటూ. "మగాయన వార్తలు చదువుతున్నాడు."

సబీనా రెండు క్షణాలు అతని మొహంలోకి చూసింది. తర్వాత సోఫాలో కూలబడి, కళ్ళద్దాలు తీసేసి మరీ నవ్వింది. "ఓరి నా తండ్రీ! అవి వార్తలు కాదయ్యా. ఆ పిల్ల మాటలే ఆయన చదువుతున్నాడు. ఆయన లెక్టర్."

"ఆ పిల్లాడి మాటలు?"

"అవీ ఆయనే."

"ముసలాయనవి?"

"ఆయనే."

"కుక్క?"

"కుక్క సొంతంగానే మొరుగుతుంది. కూర్చో, టీ పెడతాను."

హంగరీలో అలా కాదు. అక్కడ తెర మీద ఎంతమంది ఉంటే లోపల అంతమంది గొంతులిస్తారు. ఏ దేశపు దొంగ అయినా, దొర అయినా చక్కటి హంగేరియన్‌లో మాట్లాడాల్సిందే. గాష్పార్ చిన్నతనంలో పరదేశపు డిటెక్టివులందరూ బుడాపెస్ట్‌లో పుట్టినవాళ్ళే అనుకునేవాడు. అలాంటివాడికి, నలభై మంది ఉన్న సినిమాకి ఒక్క మగాడు, అదీ జలుబు చేసినవాడిలా, అన్ని మాటలూ చదివిపెట్టడం ఏ తరహా పొదుపో అర్థం కాలేదు.

ఆ సాయంత్రం మిర్కా తల్లి అపొలోనియాని అడిగాడు. ఆవిడ దర్జీ పని చేసి కళ్ళూ నడుమూ అరగదీసుకున్న మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. టీవీకి ఎదురుగా తప్ప కూర్చునేది కాదు.

"అత్తయ్యా, ఆ గొంతు మీకు విసుగనిపించదా?"

"ఏ గొంతు?"

"లెక్టర్‌ది."

"నాకు ఆయన వినపడడు."

"వినపడకపోతే కథ ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది," అందావిడ, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆ జవాబు గాష్పార్ బుర్రలో ముల్లులా దిగబడిపోయింది. వినపడడు, కానీ తెలుస్తుంది! రిపేరుకు వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అదే అడగడం మొదలుపెట్టాడు. లెక్టర్లు నలుగురో ఐదుగురో ఉంటారని, జనం గొంతుని బట్టి వాళ్ళని గుర్తుపడతారని తెలిసింది. మొహం మాత్రం ఎవరూ చూడలేదు. పళ్ళ డాక్టరు వాళ్ళలో ఒకాయన పొడుగ్గా ఉంటాడన్నాడు. డాక్టరు భార్య పొట్టి అంది. ఇద్దరూ అతని ముందే పోట్లాడుకున్నారు. రైముండ్ అయితే స్పానర్ తుడుస్తూ, "మంచి లెక్టర్ మంచి అతుకులాంటోడు. కనపడకూడదు" అని ఊరుకున్నాడు.

ఇంకో విచిత్రం జరిగింది. గాష్పార్‌కి పోలిష్ నేర్పింది బడి కాదు, మిర్కా కాదు, ఆ గొంతే. పగలంతా టీవీల వెనక కూర్చుని బొమ్మ చూడకుండా వినేది ఆ స్పష్టమైన, ఎత్తుపల్లాలు లేని గొంతునే కదా. దాంతో అతని పోలిష్ కూడా అలాగే తయారైంది. పెళ్ళి విందుల్లో గ్లాసు ఎత్తి నాలుగు మాటలు చెబితే రేపటి వాన సంగతి చెబుతున్నట్టుండేది. ఒకసారి వంటింట్లో మిర్కాతో, "నువ్వంటే నాకు ప్రాణం" అన్నాడు. ఆమె చేతిలో గరిటె ఆపి, "ఎవరి తరఫున చెప్తున్నావ్?" అంది.

పెళ్ళి మాత్రం వచ్చిన ఏడే, శరత్కాలంలో అయింది. ఆ పెళ్ళికి సంబంధించి అతను రెండు అబద్ధాలు ఆడాడు.

అతని తల్లి పిరోష్కా అంతకు ముందు చలికాలమే భర్తని పోగొట్టుకుంది. ఒక్కడే కొడుకు. అతను ప్రయాణమైన రోజు ఆవిడ గుమ్మం దాటి బయటికి రాలేదు. ఆవిడ పెళ్ళికి వస్తే నలుగురిలో ఏమంటుందో, ఎక్కడ ఏడ్చి రభస చేస్తుందో అని అతనికి గుబులు. అందుకని తల్లికి, 'ఇక్కడ ఆఫీసులో సంతకాలే, బంధువులెవరూ రారు, నువ్వు అంత దూరం పడి రావద్దు' అని రాశాడు. ఇక్కడ అపొలోనియాకి, 'మా అమ్మకి గుండె జబ్బు, ప్రయాణం చేయకూడదన్నారు' అని చెప్పాడు. అది అబద్ధమని మిర్కాకి కూడా తెలియదు. పెళ్ళికి ఎనభై మంది వచ్చారు. రెండ్రోజులు తిన్నారు, తాగారు, ఆడారు. విందు బల్ల దగ్గర వరుడి తల్లి కుర్చీ ఖాళీగా ఉంటే, అపొలోనియా దాని మీద తన చేత్తో ఒక పూలగుత్తి పెట్టింది.

ఆ తర్వాత ఏటా క్రిస్మస్‌కి అపొలోనియా ఒక పొట్లం కట్టేది. గుండెకు మంచిదని, ముళ్ళపొదల్లో పూసే తెల్లపూలు వసంతంలో కోసి నీడన ఎండబెట్టి, తెల్లటి గుడ్డసంచీలో పోసి హంగరీకి పంపించేది. నెలనెలా మొదటి శుక్రవారం చర్చిలో ముఖమెరగని వియ్యపురాలి గుండె కోసం మోకాళ్ళ మీద నిలబడేది. చూసినప్పుడల్లా గాష్పార్‌కి చెబుదామనిపించేది. ఇవాళ కాదు రేపు అనుకునేవాడు. ఒకటి రెండుసార్లు తనొక్కడే వెళ్ళి తల్లిని చూసొచ్చాడు కానీ అక్కడా నోరు విప్పలేదు.

ఎనభై ఒకటి డిసెంబరులో దేశం మీద సైనిక పాలన పడింది. టీవీలో వార్తలు చదివేవాళ్ళు రాత్రికి రాత్రి మిలిటరీ దుస్తుల్లో ప్రత్యక్షమయ్యారు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఏడున్నరకు, సరిగ్గా వార్తల వేళకి, అపొలోనియా కోటు తొడుక్కుంటూ అల్లుణ్ణి పిలిచింది.

"ఆ టీవీ ఎత్తి కిటికీలో పెట్టు. మొహం వీధి వైపుకి."

"ఏం పాడైంది అత్తయ్యా?"

"పాడైంది అది కాదు, అందులో చెప్పేది. మన ఇంట్లో ఎవరూ వినటం లేదని బయటికి తెలియాలి. ఊఁ, కానియ్, ఎత్తు."

ముప్ఫై కిలోల పెట్టె అది. ఎత్తి కిటికీలో పెట్టాక కిందకు చూస్తే, ఆ చలిలో వీధి నిండా జనం. పళ్ళ డాక్టరూ భార్యా, సబీనా, తోపుడుబండిలో పసిపిల్లలు, మంచులో నెమ్మదిగా, ఎవరికీ ఏ తొందరా లేనట్టు షికారు చేస్తున్నారు. ఎదుటి భవనాల కిటికీల్లో ఎన్నో టీవీలు వీధికేసి మాట్లాడుతున్నాయి. వినేవాళ్ళు లేరు. తను పరదేశి, పట్టుకుంటే సరిహద్దు దాటించేస్తారేమోనని గాష్పార్ మెట్ల దగ్గర ఒక నిమిషం తటపటాయించాడు. తర్వాత టోపీ పెట్టుకుని దిగాడు. కొన్నాళ్ళకు ఆ వేళకి ఎవరూ బయట తిరగకూడదని ఉత్తర్వు వచ్చింది. జనం సాయంత్రం ఐదు గంటల వార్తలకి షికారు మార్చుకున్నారు. టీవీతో ఇంత అలిగే జనాన్ని అతను ఎక్కడా చూడలేదు. టీవీ లేకుండా ఉండలేని జనమూ వాళ్ళే. ఆ నెలలో ఒక్కరు కూడా రిపేరు మానుకోలేదు.

పాస్‌పోర్టులు కూడా ఆ రోజుల్లోనే బిగుసుకుపోయాయి. మిర్కా హంగరీ వెళ్ళే దారి మూసుకుపోయింది. గాష్పార్ అబద్ధానికి ఇంకో నాలుగేళ్ళ ఆయుష్షు దొరికింది.

ఎనభై నాలుగులో దుకాణం వాళ్ళు అతన్ని వారం రోజుల శిక్షణకి వార్సా పంపించారు. చివరి రోజున టీవీ భవనం చూపించారు. అందరూ పెద్ద కెమెరాలు చూస్తుంటే గాష్పార్ ఒక్కడూ దారి చూపుతున్న ఆవిడ వెనకపడి, "లెక్టర్లు ఎక్కడ కూర్చుంటారండీ?" అని అడిగాడు. ఆవిడ విస్తుపోయి ఒక చిన్న తలుపు చూపించింది.

లోపల అద్దం వెనక, మోచేతుల దగ్గర పిగిలిన స్వెటర్ వేసుకుని ఒక పొట్టిమనిషి కూర్చున్నాడు. పేరు సెవెరిన్. ముందు కాగితాల దొంతర, చేతిలో పెన్సిలు. తెర మీద ఒకామె చచ్చిపోతున్న మొగుణ్ణి కుదుపుతోంది. సెవెరిన్ ఆమె నోరు తెరిచే దాకా ఆగి, సగం క్షణం వెనకగా, మెల్లగా చదువుతున్నాడు. ఆమె అరిస్తే ఈయన ఇంకా మెల్లగా చదువుతున్నాడు. విరామంలో బయటికొచ్చి టీ గ్లాసు అందుకోగానే గాష్పార్ ఎదురెళ్ళాడు.

"అయ్యా, నాదొక చిన్న ప్రశ్న. ఆవిడ అంతలా ఏడుస్తుంటే మీరెందుకు ఏడవరు?"

సెవెరిన్ అతన్ని ఎగాదిగా చూశాడు. "మీదే ఊరు?"

"హంగరీ."

"ఆఁ, అదా సంగతి! మీ వాళ్ళు ఏడుస్తారు కదూ." టీ ఒక గుక్క తాగాడు. "ఆవిడ ఏడుస్తోంది కదండీ. మళ్ళీ నేనెందుకు? నేను కూడా ఏడిస్తే మీరు నన్ను వింటారు. ఆవిణ్ణి వినరు."

"మరి మీకు లోపల ఏమీ అనిపించదా?"

"ఎందుకనిపించదు? నిన్న ఒక పసివాడి మాట చదవలేక రెండుసార్లు ఆగిపోయాను. మొదటినుంచీ చదవాల్సొచ్చింది. ఉద్యోగం అన్నాక తప్పదు." గ్లాసు బల్ల మీద పెట్టి, "ఒక్కటి మాత్రం చేయకూడదు. మాట మార్చకూడదు. నచ్చకపోయినా సరే" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మరుసటేడు ఆగస్టులో గాష్పార్, మిర్కాలకి ఆడపిల్ల పుట్టింది. ఏడేళ్ళకి పుట్టిన బిడ్డ. రెండు దేశాల్లోనూ పలికే పేరని కింగా అని పెట్టుకున్నారు. బాప్తిస్మం అక్టోబరులో అనుకున్నారు. ఎవరూ ఎదురుచూడని విధంగా పిరోష్కా నుంచి తంతి వచ్చింది. 'వస్తున్నాను. స్టేషన్‌కి రా.'

వచ్చింది. భుజాన మిరపకాయల దండ, చేతిలో బాతుకొవ్వు డబ్బా. అరవై ఆరేళ్ళ మనిషి రెండు పెట్టెలు తనే దింపుకుంది. అపొలోనియా స్టేషన్‌కి కుర్చీ పట్టుకొచ్చింది. గుండె జబ్బు మనిషి కదా అని. పిరోష్కా ఆ కుర్చీకేసి ఒక చూపు చూసి పక్కనుంచి నడిచెళ్ళిపోయింది.

మొదటి వారం ఇద్దరి మధ్యా నవ్వులే. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు. వంటింట్లో మాత్రం యుద్ధం. అపొలోనియా పుల్లటి పిండిసూప్‌లో పిరోష్కా ఎర్రకారం వేసేది. పిరోష్కా మెట్లెక్కుతుంటే అపొలోనియా వెనకనుంచి చెయ్యి పట్టుకునేది. పిరోష్కా విదిలించుకునేది.

"మీ అమ్మకి ఎంత గర్వం!" అంది అపొలోనియా అల్లుడితో.

"మీ అత్తకి నేను రేపో మాపో చస్తానని ఆశా?" అంది తల్లి.

గాష్పార్ ఒకరి మాట ఒకరికి చేరకుండా మధ్యలో నవ్వుతూ తిరిగాడు.

రెండో మంగళవారం సాయంత్రం. ఆ ఏడాది దేశమంతా ఒక దక్షిణ అమెరికా సీరియల్‌కి అతుక్కుపోయింది. రేవుపట్నంలో బట్టలుతికే ఒక తల్లి. ఆమె కొడుకు పెద్దింటి అల్లుడై ఆమెని మరిచిపోయాడు. పది నిమిషాల ముందే అపొలోనియా కుర్చీలో కుదురుకుంది. పిరోష్కా సోఫాలో. మిర్కా లోపలి గదిలో బిడ్డకి పాలిస్తోంది.

"ఏమంటోంది ఆవిడ?" అంది పిరోష్కా కొడుకుతో.

అతను చెప్పాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. అడగడం మానేసి వినడం మొదలుపెట్టింది. తెర మీద తల్లి పోర్చుగీసులో, ఆమె మీద లెక్టర్ పోలిష్‌లో, ఆయన మీద గాష్పార్ హంగేరియన్‌లో. మూడు భాషలు ఒకదాని మీద ఒకటి.

"నాకేం వినపడటం లేదు!" అంది అపొలోనియా. ఐదు నిమిషాలకి అదీ మానేసింది. గాష్పార్ గొంతు కూడా తెలియకుండానే సెవెరిన్ వరసలో పడిపోయింది. సగం క్షణం వెనకగా, మెల్లగా.

తెర మీద ఆ తల్లి పెద్దింటి గేటు బయట నిలబడింది. లోపల విందు. పిరోష్కా టీవీకేసే చూస్తూ ఏదో అంది.

"ఏమంటోంది?" అంది అపొలోనియా.

గాష్పార్ నోరు ఆ ఊపులోనే ఉంది. ఆలోచన వచ్చేలోపే మాట దొర్లిపోయింది. "'ఆవిడకి గేటన్నా దొరికింది. నా కొడుకు పెళ్ళికి నాకు అదీ దొరకలేదు' అంటోంది."

అపొలోనియా తల తిప్పలేదు. "పెళ్ళి ఘనంగా చేశాం. ఎనభై మంది వచ్చారు. ఆవిడ కుర్చీలో పూలు పెట్టాను. చెప్పు."

 తెర మీద లెక్టర్ ఎవరి మాటో చదువుకుపోతున్నాడు. మాట మార్చడానికి గాష్పార్‌కి చాలినంత సమయం ఉంది. 'మీరు రాలేదని బాధపడ్డాం' అంటే సరిపోయేది. రెండు ముసలి మొహాలు తెర వెలుగులో అతని నోటికేసి కాదు, టీవీకేసే చూస్తున్నాయి.

"ఎనభై మంది వచ్చారట," అన్నాడు హంగేరియన్‌లో, రైళ్ళ టైములు చదివినట్టు. "నీ కుర్చీలో పూలు పెట్టిందట."

పిరోష్కా ఒళ్ళో చేతులు కదలడం మానేశాయి. "ఎనభై మందా? నాకు ఎవరూ రారన్నావుగా! మరి నన్నెందుకు పిలవలేదో అడుగు."

అడిగాడు.

"పిలవకపోవడమేంటి?" అపొలోనియా ఈసారి తిరిగి చూసింది. "మీకు గుండె బాగాలేదని, రైలెక్కకూడదన్నారని కదా చెప్పాడు? ఏడేళ్ళుగా నేను ఆ పూలు ఎవరికి పంపిస్తున్నట్టు? చెప్పు ఆవిడకి. ఒక్క ముక్క వదలకుండా చెప్పు."

అతను చెప్పాడు. గొంతు పైకీ పోలేదు, కిందకీ పోలేదు. మధ్యలో ఒక్కచోట ఆగాడు. ఊపిరి తీసుకుని, 'గుండె' అన్న మాట దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

"నాకా?" అంది పిరోష్కా. "గుండె జబ్బా? నాకా?"

లోపలి గది తలుపులో మిర్కా నిలబడి ఉంది, భుజాన బిడ్డతో. "ఏడేళ్ళా, గాష్పార్?" అంది. దాన్ని అతను ఎవరికీ చదివి వినిపించలేదు.

తెర మీద గేటు తెరుచుకుంది. ఎవరూ చూడలేదు.  తర్వాత పిరోష్కా నెమ్మదిగా అడిగింది. "ఆ పూలు... అవి గుండెకా?"

"గుండెకే అంటోంది అత్తయ్య."

"నాకేం తెలుసు! పోలండులో కొత్త కోడలి ఇంటినుంచి ఎండుగడ్డి పంపే ఆనవాయితీ ఉందేమో అనుకున్నాను. పెద్దబాతులకి వేశాను."

గాష్పార్ దాన్నీ చదివాడు. అపొలోనియా కుర్చీలో ముందుకు జరిగింది. "ఏడేళ్ళూ?"

"ఏడేళ్ళూ. బాతులు మాత్రం రాళ్ళలా ఉన్నాయి. ఒక్కదానికీ గుండె ఆగలేదు."

ముందు ఎవరు నవ్వారో గాష్పార్ తర్వాత ఎప్పుడూ కచ్చితంగా చెప్పలేకపోయాడు. అపొలోనియా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. పిరోష్కా కళ్ళనీళ్ళు తుడుచుకుంటోంది. అవి నవ్వుకి వచ్చినవో కావో తెలియదు. నవ్వు అయిపోయాక ఇద్దరూ ఒక్కసారే అతనికేసి తిరిగారు. ఆ తర్వాత అరగంట సేపు అతను రెండు భాషల్లో తన మీద పడ్డ తిట్లన్నీ తనే అటూ ఇటూ అనువాదం చేశాడు. వెధవ అన్న చోట వెధవ అనే అన్నాడు. ఒక్కటీ తగ్గించలేదు.

మిర్కా నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. ఐదో రోజు బాప్తిస్మం. చర్చిలో కింగాని ఎత్తుకునే మొదటి హక్కు అపొలోనియా పిరోష్కాకి ఇచ్చింది. విందులో ఆవిడే పిరోష్కా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, సైగలతో, సూప్‌లో ఇంకొంచెం కారం వేయమంది. ఆ రాత్రి మిర్కా ప్లేట్లు కడుగుతూ, "మొదటే చెప్పుంటే మా అమ్మ నీ చెవి మెలిపెట్టి వదిలేసేది" అంది. "చెప్పాలనే అనుకున్నాను," అన్నాడు గాష్పార్. "ఎవరి తరఫున?" అని ఆమె అడగలేదు ఈసారి. ఒక తుడుపుగుడ్డ అతని మీదకి విసిరింది.

రెండేళ్ళకి అపొలోనియాకి పాస్‌పోర్టు వచ్చింది. జూన్‌లో ఒక్కతే రైలెక్కి సెగెద్ వెళ్ళింది. గాష్పార్ తోడు వస్తానన్నాడు కానీ వియ్యపురాళ్ళిద్దరూ వద్దన్నారు. అప్పటికి వాళ్ళకి సొంతంగా ఒక భాష తయారైంది. పోలిష్ పేర్లు, హంగేరియన్ తిట్లు, మిగిలినదంతా చేతులు.

అక్కడ రెండో సాయంత్రం పిరోష్కా గొప్పగా టీవీ పెట్టింది. గుర్రం మీద టోపీవాడు వచ్చి, దిగి, గడగడా హంగేరియన్‌లో మాట్లాడాడు. అపొలోనియా కాసేపు ముందుకు వంగి చూసింది. లేచి టీవీ వెనక తొంగి చూసింది. తర్వాత తెరకేసి వేలు పెట్టి, చేత్తో తన గొంతు పట్టుకుని చూపిస్తూ, "మరి వాడిదేది?" అంది. వాడి సొంత గొంతు ఎక్కడ అని.

పిరోష్కాకి ఆ ప్రశ్న అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.  అలాంటి పరదేశివాడి సొంత గొంతు ఎలా ఉంటుందో అరవై ఎనిమిదేళ్ళలో తను ఎప్పుడూ వినలేదని ఆవిడకి అప్పుడే తట్టిందట. ఆ మాట ఉత్తరంలో రాసింది కొడుక్కి. ఇద్దరూ కలిసి ఆ మనిషిని కొంతసేపు అనుమానంగా చూశారు. బయట ఇంకా వెలుతురుంది. పిరోష్కా టీవీ కట్టేసి బుట్ట తీసింది. అపొలోనియా మరో బుట్ట అందుకుంది. పుల్లచెర్రీలు కోయడానికి దొడ్లోకి వెళ్ళారు.